మూషిక జింకకు పెళ్ళి సంబంధం



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి మన గన్నవరం నుంచే వచ్చింది. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి వ్రాసింది. "మాష్టారూ, నాకు జంతువులంటే ఇష్టం. పెద్దయ్యాక జంతు ప్రదర్శనశాలలో జంతువులను కాపాడే చదువు చదువుతానని ఇంట్లో చెప్పాను. మా నాన్నగారు నవ్వి, 'పులి బోను కడగటానికి ఎం.ఎస్సీ. ఎందుకమ్మా?' అన్నారు. అలాంటి చదువు నిజంగా ఉన్నదా? ఉంటే అందులో ఏమి నేర్పుతారు?" అని అడిగింది.

ప్రశ్న బాగుంది. నాన్నగారి ప్రశ్న ఇంకా బాగుంది. రెండిటికీ కలిపి జవాబు చెబుతాను, పెద్దవాళ్ళను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

మొదట ఒక మాట. బోను కడిగే మనిషి చేసేది చిన్న పని కాదు. రాత్రి పెట్టిన మాంసంలో ఎంత మిగిలింది, పేడ పలచగా ఉన్నదా గట్టిగా ఉన్నదా, నిన్న కుంటని కాలు ఇవాళ కుంటుతున్నదా అన్నది ముందుగా కనిపెట్టేది అతడే. డాక్టరుగారు వచ్చేది ఆ తరువాత. ఈ చదువు చదివేవాళ్ళు కూడా కొన్నాళ్ళు ఆ కాపరుల వెంట తిరగవలసిందే. కనుక చదువు బోను దగ్గరే మొదలవుతుంది. కాని అక్కడ ఆగదు.

హైదరాబాదులో నెహ్రూ జంతు ప్రదర్శనశాలను 1963 అక్టోబరు 6న తెరిచారు. విశాఖపట్నంలో ఇందిరాగాంధీ పేరున ఉన్నది 1977లోను, తిరుపతిలో వేంకటేశ్వరస్వామి పేరున ఉన్నది 1987లోను వచ్చాయి. పూర్వకాలపు జూలలో ఒక పద్ధతి ఉండేది. జంతువు చచ్చిపోతే అడవికి మనుషులను పంపి ఇంకొకదాన్ని పట్టి తెప్పించేవారు. అడవిని అక్షయపాత్ర అనుకున్నారన్నమాట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1992లో దేశంలోని జూలనన్నిటినీ ఒక కంట కనిపెట్టి ఉండటానికి ఢిల్లీలో ఒక కేంద్ర సంస్థ ఏర్పడింది. ఇక ఇష్టం వచ్చినట్టు అడవి మీద పడి పట్టి తెచ్చుకోవటానికి వీలు లేదు. పైగా కొన్ని జంతువులు అడవిలోనే అపురూపమైపోయినాయి. కనుక జూలకు రెండు పనులు పడ్డాయి: ఉన్నవాటినే జాగ్రత్తగా పిల్లలు పెట్టించుకోవటం, వీలైతే ఆ పిల్లలను అడవికి తిరిగి పంపటం. వినటానికి సులువు. చెయ్యబోతే ఎన్ని చిక్కులున్నాయో ఒక చిన్న జంతువు కథతో చెబుతాను.

మూషిక జింక పేరు మీలో ఎందరు విన్నారు? పేరుకు జింకే గాని అసలు జింకల కుటుంబంలోది కాదు. నిలబడితే జానెడు మీద నాలుగు వేళ్ళ ఎత్తు. బరువు సుమారు మూడు కిలోలు, అంటే మన పెరటి కోడిపుంజు అంత. కొమ్ములు ఉండవు. మగవాటికి పై దవడ నుంచి రెండు కోరలు కిందికి దిగి ఉంటాయి. ఒంటి మీద తెల్లని చుక్కలూ చారలూ ఉంటాయి. నెమరు వేస్తుంది, కాని ఆవు కడుపులో నాలుగు అరలుంటే దీనికి సరిగా ఎదిగినవి మూడే. పగలంతా పొదల్లోనూ చెట్ల తొర్రల్లోనూ నక్కి ఉండి, చీకటి పడ్డాక బయటికి వచ్చి రాలిన పండ్లు, ఆకులు తింటుంది. అలికిడైతే చాలు, మాయం.

మన ప్రకాశం బ్యారేజీకి వచ్చే కృష్ణమ్మ అంతకు ముందు నల్లమల కొండల మధ్య నుంచి వస్తుంది గదా, ఆ కొండలు దీనికి పుట్టినిల్లు. మాంసం కోసం వేటాడటం వల్లనూ, ఎండాకాలం అడవికి నిప్పంటుకోవటం వల్లనూ, చెట్లు నరకటం వల్లనూ అక్కడ మూషిక జింకలు తగ్గిపోతూ వచ్చాయి. పులి తగ్గితే పత్రికల్లో పడుతుంది. రాత్రిపూట తిరిగే మూడు కిలోల జంతువు తగ్గితే ఎవరు చూస్తారు?

2010లో హైదరాబాదు జూలో ఆరు మూషిక జింకలతో ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. జూవారూ, కేంద్ర సంస్థవారూ, అత్తాపూరులో ఉన్న 'లాకోన్స్' అనే ప్రయోగశాలవారూ చేతులు కలిపారు. ఈ లాకోన్స్ హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థకు చెందినది, అంతరించిపోతున్న జంతువుల కోసమే పెట్టినది. 2007 ఫిబ్రవరిలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు దానిని జాతికి అంకితం చేశారు. అంతకు ముందు సంవత్సరమే అక్కడివారు కృత్రిమ పద్ధతిలో ఒక దుప్పికి పిల్ల పుట్టించారు. మన ఊళ్ళలో గేదెలకు సూది వేయిస్తారు చూడండి, అదే పద్ధతి. ఐతే గేదె తాడు పట్టుకుంటే నిలబడుతుంది, దుప్పి నిలబడదు.

ఇప్పుడు చిక్కు చూడండి. గేదె ఎదకు వస్తే అరుస్తుంది, మేత మానేస్తుంది, ఇంట్లో ముసలమ్మ కూడా కనిపెడుతుంది. మూషిక జింక సంగతి ఎవరికి తెలుసు? పట్టుకుని రక్తం తీసి పరీక్ష చేద్దామా అంటే, బెదిరిన జింకజాతి జంతువు ఆ బెదురుకే ప్రాణం పోగొట్టుకోవచ్చు. అందుచేత శాస్త్రజ్ఞులు ఏం చేశారో తెలుసా? దాని పెంటికలు ఏరుకొచ్చారు!

నవ్వకండి. ఒంట్లో తయారయ్యే హార్మోనుల ఆనవాళ్ళు పెంటికల్లో బయటికి వస్తాయి. రోజూ ఏరి, ఎండబెట్టి, పొడిచేసి, ప్రయోగశాలలో కొలిస్తే, ఏ ఆడజింక ఎప్పుడు ఎదకు వచ్చిందో, ఏది చూలుతో ఉన్నదో దానిని తాకకుండానే చెప్పవచ్చు. నాలుగు జంతువులు ఒకచోట ఉంటే ఏ పెంటిక ఎవరిదో ఎలా తెలుస్తుందని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు. అందుకు కొన్ని జూలలో ఒక్కొక్కదాని తిండిలో ఒక్కొక్క రకం హాని లేని రంగు కలుపుతారు. పొద్దున్నే రంగు చూసి ఏరుకోవటమే. పెంటికలు ఏరటానికి కూడా చదువు కావాలా అంటే, ఏరటానికి అక్కరలేదు. ఏరినవి ఏం చెబుతున్నాయో చదవటానికి కావాలి.

అలా గమనించగా తేలిన సంగతి ఏమిటంటే, మూషిక జింక అయిదు నెలలపాటు మోసి, సాధారణంగా ఒకే పిల్లను కంటుంది. కన్న కొద్ది గంటలకే మళ్ళీ మగదానితో కలుస్తుంది. ఈ సంగతి తెలియక, "పాపం, పచ్చి బాలింత" అని మగదాన్ని వేరు చేసి ఉంచితే ఆ అదును తప్పిపోతుంది. మంచి మనసుతో చేసిన పనే మందను పెరగనివ్వకుండా చేస్తుంది! జంతువులంటే ప్రేమ ఒక్కటే చాలదని నేననేది ఇందుకే.

ఆరు జింకలు ఏడేళ్ళలో రెండు వందలు దాటాయి.

ఇంతవరకు విని, ఇక పనైపోయిందనుకున్నారా? అసలు కష్టం ఇక్కడే ఉన్నది. ఆరింటి నుంచి రెండు వందలు వచ్చాయంటే అర్థమేమిటి? ఆ రెండు వందలూ అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్ళూ, మేనమామలూ, మేనకోడళ్ళూ, బావామరదళ్ళూ అన్నమాట. ఇక పెళ్ళి సంబంధాలు ఎక్కడ చూస్తారు?

మన ఇళ్ళల్లో మేనరికాలు ఉన్నాయి. బంధుత్వం నిలబడుతుందని, ఆస్తి బయటికి పోదని పూర్వం ఇష్టపడి చేసుకునేవారు. ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు. ఎందుకు వద్దంటున్నారో పెద్దలు చెప్పరు, మీరు అడగరు. నేను చెబుతాను. మన ఒంట్లో ప్రతి గుణానికీ రెండు ప్రతులుంటాయి, ఒకటి అమ్మ ఇచ్చినది, ఒకటి నాన్న ఇచ్చినది. వాటిలో ఒకటి చెడ్డదైనా రెండోది మంచిదైతే చాలాసార్లు ఏ ఇబ్బందీ ఉండదు. మంచి ప్రతి చెడ్డదాన్ని కప్పి ఉంచుతుంది. ఐతే అమ్మా నాన్నా దగ్గర బంధువులైతే, ఇద్దరికీ ఒకే తాతగారి దగ్గర నుంచి ఒకే చెడ్డ ప్రతి వచ్చి ఉండవచ్చు. అవి రెండూ బిడ్డలో కలిశాయంటే కప్పేవాడు లేడు, రోగం బయటపడుతుంది.

దీనికి లెక్క ఉంది. ఏదో ఒక గుణానికి సంబంధించిన రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ప్రతి నుంచి వచ్చే అవకాశం బావామరదళ్ళ బిడ్డకు పదహారింట ఒకటి. మేనమామ, మేనకోడలు పెళ్ళి చేసుకుంటే వాళ్ళ బిడ్డకు ఎనిమిదింట ఒకటి. జంతువుల్లో అన్నాచెల్లెళ్ళు కలిస్తే నాలుగింట ఒకటి. పాత రోజుల్లో మన రైతులకు ఈ భిన్నాలు తెలియవు గాని సంగతి తెలుసు. ఊరి ఆబోతును కొన్నేళ్ళకోసారి మార్చేవారు. లేకపోతే దాని కూతుళ్ళే దాని దగ్గరికి వస్తాయి గదా!

మన డెల్టాలో చేపల చెరువులవాళ్ళకు కూడా ఈ సంగతి అనుభవమే. ఒకే చెరువులోని నాలుగు తల్లిచేపల నుంచి ఏళ్ళ తరబడి పిల్లలు తీస్తూ పోతే, ఆ పిల్లలు ఎదగవు. శీలావతి చేప విషయంలో ఇది గమనించిన భువనేశ్వరు దగ్గరి కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థవారు 1992లో ఒక పని మొదలుపెట్టారు. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర, ఇన్ని నదుల నుంచి శీలావతులను తెచ్చి, తమ చెరువులో ఉన్నవాటితో కలిపి, నార్వే శాస్త్రజ్ఞుల సాయంతో ఎంచి ఎంచి సంబంధాలు కుదిర్చారు. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళైన 1997లో ఆ మేలు రకాన్ని 'జయంతి' అనే పేరుతో విడుదల చేశారు. కైకలూరువైపు చుట్టాలుంటే అడగండి, జయంతి రోహూ అంటే వాళ్ళు చెబుతారు.

నదులు అయిదు ఉంటే సరే. ఆరే జింకలున్నప్పుడు ఏం చెయ్యాలి? ఇందుకు జూలవాళ్ళు వంశావళి పుస్తకం ఉంచుతారు. ఇంగ్లీషులో స్టడ్ బుక్ అంటారు. అడవి జంతువులకు వ్రాసిన ఇలాంటి పుస్తకాలలో మొదటిది 1932లో ఐరోపా అడవిదున్న కోసం వచ్చింది. ప్రతి జంతువుకూ ఒక నంబరు ఉంటుంది. తల్లి నంబరు, తండ్రి నంబరు, పుట్టిన తేది, ఏ జూలో పుట్టింది, ఏ జూకు వెళ్ళింది, ఎప్పుడు ఎందుకు చచ్చిపోయింది, అన్నీ అందులో ఉంటాయి. మన దేశంలోని జంతువులకు ఇలాంటి పుస్తకాలను దెహ్రాదూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థవారు తయారుచేశారు. ఆ పుస్తకం చూసే మనిషి మన పెళ్ళిళ్ళ పేరయ్యలాంటివాడు. ఫలానా జూలోని ఆడదానికి ఫలానా జూలోని మగదాన్ని ఇవ్వవచ్చు, ఆ రెండో దానితో వద్దు, మూడు తరాల వెనుక ఇద్దరికీ ఒకే అమ్మమ్మ, అని చెబుతాడు. పేరయ్యగారు కట్నం చూస్తాడు. ఈయన పుస్తకం చూస్తాడు. అంతే తేడా.

కొంచెం లెక్క చేద్దాం, పలకలు తీయండి. మందలో పది జంతువులున్నాయి. అయిదు మగవి, అయిదు ఆడవి అయితే పది పదే. కాని ఒక్కటే మగది, తొమ్మిది ఆడవి అయితే? పుట్టే పిల్లలందరికీ తండ్రి ఒక్కడే. అందరూ తండ్రి బిడ్డలే గదా! అప్పుడు ఆ మంద నిజంగా ఎంత? శాస్త్రజ్ఞులు ఇలా లెక్క కడతారు: మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగుతో గుణించి, మొత్తం జంతువుల సంఖ్యతో భాగించాలి. ఒకటి ఇంటూ తొమ్మిది ఇంటూ నాలుగు, ముప్పై ఆరు. పదితో భాగిస్తే 3.6. కంటికి పది కనిపిస్తున్నా వంశం లెక్కలో నాలుగు కూడా లేవన్నమాట.

ఈ సంఖ్యను రెట్టింపు చేస్తే, తరానికి ఎంత వైవిధ్యం నష్టపోతామో తెలుస్తుంది. ఆరు అయితే పన్నెండింట ఒక వంతు. యాభై అయితే నూటికి ఒక వంతు. మంద ఆరు దగ్గరే ఉండిపోయి పది తరాలు గడిస్తే, మొదట ఉన్న వైవిధ్యంలో సగానికి పైగా పోతుంది. యాభై ఉంటే పది తరాల తరువాత కూడా నూటికి తొంభై పాళ్ళు నిలుస్తుంది. అందుకనే తక్కువతో మొదలుపెట్టినప్పుడు త్వరగా పెంచాలి. బాలింత జింకను వేరుగా కట్టెయ్యవద్దన్న మాటకు ఇంత విలువ ఎలా వచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

సరే, మంద పెరిగింది. 2017లో ఎనిమిది మూషిక జింకలను నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యానికి తీసుకుపోయారు. లారీ దింపి తలుపు తీసి పొమ్మనలేదు. జూలో పుట్టిన జంతువుకు వేళకు పండ్లు వస్తాయని తెలుసుగాని, ఏ చెట్టు పండు ఎప్పుడు రాలుతుందో, చిరుత వాసన ఎలా ఉంటుందో తెలియదు. అందుకని ముందు అడవిలోనే కంచె కట్టిన జాగాలో ఉంచి, అక్కడి తిండికీ, అక్కడి చీకటికీ అలవాటు చేశారు. అత్తవారింటికి పంపే ముందు ఆడపిల్లకు వంట నేర్పినట్టు అని మా ఇంట్లో వాళ్ళన్నారు. ఈ కాలంలో ఆ పోలిక చెల్లదని మా మనవరాలు అన్నది. ఇద్దరి మాటా వ్రాశాను.

అడవికి పంపితే కథ సుఖాంతమనుకోవద్దు. అరేబియా ఎడారిలో ఓరిక్స్ అనే తెల్లని, పొడుగు కొమ్ముల జంతువు ఉండేది. తుపాకులూ మోటార్లూ వచ్చాక వేటగాళ్ళు దాన్ని తుడిచిపెట్టారు. అడవిలో చివరిది 1972లో పోయింది. అదృష్టవశాత్తు అంతకు పదేళ్ళ ముందే కొన్నిటిని పట్టి, ఇతర జూలలో ఉన్నవాటితో కలిపి, తొమ్మిదింటి మందను అమెరికాలో ఫీనిక్స్ నగరపు జూలో పెంచటం మొదలుపెట్టారు. 1982లో వాటి సంతానాన్ని ఒమన్ దేశపు ఎడారిలో వదిలారు. అవి పెరిగి పెరిగి 1990ల నడుమకు సుమారు నాలుగు వందలయ్యాయి. ప్రపంచమంతా మెచ్చుకున్నది, ఆ అభయారణ్యాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. 1996 నుంచి దొంగలు పడ్డారు. బతికినవాటిని పట్టి అమ్ముకున్నారు. మంద కరిగిపోయింది. 2007లో ఆ స్థలాన్ని జాబితా నుంచి తీసేశారు. అలా తీసివేయటం అదే మొదటిసారి. ఐతే జూలలో ఇంకా ఓరిక్స్‌లు ఉండబట్టి మళ్ళీ ఇతర చోట్ల ప్రయత్నాలు సాగాయి. వంశావళి పుస్తకం బాగా ఉంచినా కావలివాడు లేకపోతే ఇంతే.

ఇక మనకు ఇంకా దగ్గరి సంగతి. నా చిన్నప్పుడు ఊరి బయట పశువు కళేబరం పడేస్తే, ఎక్కడి నుంచి వచ్చేవో గాని రాబందులు వచ్చి వాలేవి. పిల్లలం దూరాన నిలబడి చూసేవాళ్ళం. మీలో ఎవరైనా రాబందును చూశారా? బొమ్మలో చూసి ఉంటారు. తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపల మన దేశంలో నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. మొదట ఎవరికీ కారణం తెలియలేదు. 2004లో తెలిసింది. పశువుల నొప్పులకూ వాపులకూ ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు కారణం. మందు ఇచ్చిన పశువు చచ్చిపోతే, ఆ మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై చచ్చిపోయాయి. నూరు కళేబరాల్లో ఒక్కదానిలో మందున్నా జాతి మొత్తం కుప్పకూలటానికి అది చాలునట. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు ఇవ్వకూడదన్నది. రాబందుకు హాని చెయ్యని మెలోక్సికామ్ అనే మందు ఉన్నది, అది వాడమన్నది. 2023లో మరి రెండు మందులను కూడా పశువులకు నిషేధించారు. హైదరాబాదు జూలో రాబందులను పెంచే కేంద్రం కూడా పెట్టారు. రాబందు జంట ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. మూషిక జింకలా ఏడేళ్ళలో రెండు వందలు కావటం కల్ల.

ఈ కథలో ఎవరెవరు ఉన్నారో చూడండి: పశువుల డాక్టరు, మందుల షాపువాడు, రైతు, జూ కాపరి, ప్రయోగశాలలో మూత్రపిండాన్ని కోసి చూసిన శాస్త్రజ్ఞుడు. వీళ్ళందరి భాషా తెలిసిన మనిషిని తయారుచెయ్యటమే అమ్మాయి అడిగిన చదువు.

ఆ చదువులో చేపల శాల కూడా ఒక భాగం. రొయ్యల చెరువుల దేశంలో ఉన్నాం గనుక అమోనియా అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. అద్దాల తొట్టిలోనూ అదే బాధ. చేప విసర్జించే అమోనియాను తొట్టిలోని సూక్ష్మజీవులు మెల్లగా హాని తక్కువ పదార్థంగా మారుస్తాయి. ఆ సూక్ష్మజీవులు కుదురుకోవటానికి కొన్ని వారాలు పడుతుంది. కొత్త తొట్టి కొన్న రోజే పది చేపలు వేస్తే ఎందుకు చచ్చిపోతాయో ఇప్పుడు తెలిసింది గదా! సముద్రంలో పగడపు దిబ్బల మధ్య క్లౌన్ ఫిష్ అనే చేప ఉంటుంది, సర్కస్ జోకరులా నారింజరంగు ఒంటి మీద తెల్లని పట్టీలు. తొట్టెల సరదా కోసం వీటిని సముద్రం నుంచి పడుతూ పోతే దిబ్బలు బోసిపోతాయి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు వీటికి తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతి కనిపెట్టారు. వీటికి పేరయ్యతో పని లేదు. అన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి. గుంపులో పెద్దది ఆడదవుతుంది. ఏ రెండు పిల్లలను కలిపి పెంచినా జంట కుదిరినట్టే!

ఇక చదువు ఎక్కడ, ఎలా? దారులు రెండున్నాయి.

మొదటిది మన గడప ముందే ఉన్నది. గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల 1998లో వచ్చింది. పశువైద్య పట్టానికి అయిదున్నర ఏళ్ళు. ఆపైన వన్యప్రాణుల విషయమై పట్టం చదవదలచినవాళ్ళు ఉత్తరప్రదేశ్‌లో ఇజత్‌నగర్ దగ్గరి భారత పశువైద్య పరిశోధన సంస్థ వంటి చోట్లకు వెళతారు. రెండో దారి బి.ఎస్సీ.లో జంతుశాస్త్రం వంటివి చదివి, దెహ్రాదూన్ సంస్థలోగాని, బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రంలోగాని వన్యప్రాణి శాస్త్రంలో ఎం.ఎస్సీ. చదవటం. పరీక్ష నెగ్గాలి, సీట్లు బహు కొద్ది. ఆపైన లాకోన్స్ వంటి చోట పరిశోధన. విదేశాల్లో ఈ ఒక్క విషయానికే పట్టాలు పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఇంగ్లండులో ప్లిమత్ విశ్వవిద్యాలయం దగ్గరి పెయింటన్ జూతో కలిసి అటువంటి ఎం.ఎస్సీ. నడిపింది. జెర్సీ దీవిలో జెరాల్డ్ డరెల్ అనే రచయిత 1959లో తెరిచిన జూ, అంతరించే జంతువుల కోసమే పనిచేస్తూ పలు దేశాలవాళ్ళకు శిక్షణ ఇచ్చింది.

పెద్దలకు ఒక మాట దాచకుండా చెబుతాను. ఇంజనీరింగు చదివినవాళ్ళకు ఉన్నన్ని కొలువులు ఇందులో లేవు. మన ప్రభుత్వ జూలను నడిపేది అటవీశాఖ అధికారులు. డాక్టర్లు పశుసంవర్ధక శాఖ నుంచి వస్తారు. జీవశాస్త్రం చదివినవారికి పెట్టే ఉద్యోగాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అందుచేత నన్నడిగితే మన ప్రాంతపు పిల్లలకు పశువైద్యం దారే మేలంటాను. జూలో చోటు దొరికినా దొరకకపోయినా, పాడి ఉన్న దేశంలో పశువుల డాక్టరుకు పస్తుండదు. రాబందుల సంగతి తెలిసిన డాక్టరు మందు చీటీ వ్రాసేటప్పుడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు కూడా. కాని పిల్లకు అడవిలో తిరిగి లెక్కలు వ్రాయాలనే కోరిక గట్టిగా ఉంటే, జీతం గురించి అన్నీ చెప్పి, ఆపైన ఆ పిల్ల ఏం చేస్తుందో చూడాలి. భయపెట్టి మాన్పించటం నాకు నచ్చదు.

అమ్మాయికి ఇంకొక మాట. జంతువులంటే ఇష్టమన్నావు. లెక్కలంటే ఎలా ఉన్నావో వ్రాయలేదు. భిన్నాలు, సగటులు, సంభావ్యత, ఈ మూడూ బాగా నేర్చుకో. ఇప్పటినుంచీ ఒక నోటుపుస్తకం పెట్టుకుని, మీ ఇంటి దగ్గర ఉన్న ఏదో ఒక ప్రాణిని, ఉడుతైనా గోరింకైనా సరే, రోజూ ఒకే వేళకు చూసి తేదీతో వ్రాయి. కనిపించని రోజున "కనిపించలేదు" అని కూడా వ్రాయాలి. చాలామంది అది వ్రాయరు. అమ్రాబాదు అడవిలో మూషిక జింకల కోసం వెతికేవారికి కనిపించని రోజుల లెక్క కూడా అంతే అవసరం.

వచ్చే నెలకు లెక్క. ఒక మందలో రెండు మగవి, నాలుగు ఆడవి ఉన్నాయి. ఇందాక చెప్పిన పద్ధతిలో ఈ మంద వంశం లెక్కలో ఎంత? దానిలోకి బయటి నుంచి ఇంకొక్క జంతువును తీసుకురావటానికి అనుమతి దొరికింది. మగదాన్ని తేవాలా, ఆడదాన్ని తేవాలా? రెండు విధాలా లెక్క కట్టి, ఏది మేలో ఎందుకో వ్రాసి పంపండి. జవాబు వచ్చే సంచికలో చూద్దాం.